బొగ్గు గుట్ట మీద కప్పే మట్టి ఎక్కడిది?

(డిసెంబరు 5, ప్రపంచ నేలల దినోత్సవం నాడు అమలాపురంలో రైతులు, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద గ్లాసులు చూసి ఏదో మేజిక్ చేస్తాననుకోకండి. మట్టి బెడ్డలు నీళ్ళలో వేస్తాను, అంతే. అది కూడా కాసేపయ్యాక.

కోనసీమలో నిలబడి బొగ్గు గనుల గురించి మాట్లాడటం ఏంటండీ అని ఇందాక ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మనకు ఇక్కడ గని లేదు, గుట్ట అంతకంటే లేదు. మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎత్తైంది ఏటిగట్టు. కానీ ఆ ఏరు ఎటునుంచి వస్తోంది? రామగుండం, మణుగూరు, భద్రాచలం మీదుగా వస్తోంది. ఆ దారి పొడవునా ఉన్నది గోదావరి లోయ బొగ్గు క్షేత్రం. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే కింద ఆనకట్ట కట్టిన నలభై ఏళ్ళలోపే పైన గనులు వచ్చేశాయి. అదే బొగ్గు పొర మన పక్కనున్న ఏలూరు జిల్లా చింతలపూడి దాకా పాకింది. బాగా లోతులో ఉంది కాబట్టి ఇంకా అలాగే ఉంది.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ ప్రసంగం ఒప్పుకోవడానికి ఒక మాట కారణం. ఆ గనుల దగ్గర మట్టి గుట్టలు బోడిగా ఉన్నాయట, మన లంక మట్టి తోలి పైన కప్పితే రెండేళ్ళలో అడవి అయిపోతుంది కదా, బంగారం లాంటి మట్టి అని ఒక రైతు నాతో అన్నారు. మంచి మనసుతో అన్నారు. మన మట్టి మీద మనకు ఆ మాత్రం గర్వం ఉండాలి కూడా. కానీ అది పనికొచ్చే ఆలోచన కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు ఆ గుట్ట అంటే ఏమిటో చూద్దాం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు అందాలంటే దాని మీదున్నదంతా తీసేయాలి. పైన జానెడో మూరెడో సాగు మట్టి ఉంటుంది. దాని కింద మొరం, ఇసుకరాయి, బంక, షేలు అంటే బంక గట్టిపడి పొరలు పొరలుగా అయిన రాయి, మళ్ళీ ఇసుకరాయి, చివరికి బొగ్గుకు ఆనుకుని నల్లటి షేలు. ఈ తీసేసినదాన్నే అక్కడ ఓబీ అంటారు, ఓవర్‌బర్డెన్. సింగరేణి ఏడాదికి తీసే బొగ్గు 7 కోట్ల టన్నుల వరకు ఉంటుంది. చాలా గనుల్లో ఒక్క టన్ను బొగ్గుకు నాలుగైదు క్యూబిక్ మీటర్ల ఓబీ తియ్యాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. లెక్క మీరే వేసుకోండి. ఆ మట్టంతా ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా? అదే గుట్ట.

ఇప్పుడు ఆలోచించండి. పొక్లెయిన్ ముందు తీసేది ఏది? పైమట్టి. అది వెళ్ళి గుట్టలో ఎక్కడ పడుతుంది? అడుగున! ఆఖరున తీసేది ఏది? బొగ్గు పక్కనున్న నల్ల షేలు. అది ఎక్కడ పడుతుంది? అన్నిటికన్నా పైన. అన్నం కుండ బోర్లిస్తే అడుగున మాడింది పైకొచ్చినట్టు, కోట్ల ఏళ్ళుగా గాలి తగలని రాయి ఎండకీ వానకీ ఎదురుగా కూర్చుంటుంది. గింజ మొలవాల్సింది దాని మీద. మొలుస్తుందా?

మనకు ఇది కొత్తేం కాదు. రొయ్యల చెరువు తవ్వినప్పుడు ఏం చేశాం? పైమట్టి గట్టు మీదకు ఎత్తేశాం, కింద బంక బయటపెట్టాం. తర్వాత ధర పడిపోయి మళ్ళీ వరి వేద్దామంటే ఎన్నేళ్ళు తిప్పలు పడ్డామో ఈ హాల్లో సగం మందికి తెలుసు. మీ పొలంలో జరిగిందే అక్కడ గుట్టంత ఎత్తున జరిగింది.

అందుకే పైమట్టి విడిగా తీసి విడిగా దాచాలన్నది పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఉండే షరతు. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గనుల మూసివేత మార్గదర్శకాలు ఇచ్చింది. తవ్వడం మొదలుపెట్టకముందే మూసే ప్లాను చూపించాలన్నారు. బాగానే ఉంది. కానీ దాచిన మట్టి దాచినట్టు ఉండదండి. ఎత్తుగా కుప్ప పోసి ఏళ్ళ తరబడి వదిలేస్తే లోపలికి గాలి ఆడదు. అందులోని సూక్ష్మజీవులు, వేళ్ళతో కలిసి బతికే బూజులు చచ్చిపోతాయి. కుప్ప తక్కువ ఎత్తులో పెట్టి, పైన జనుమో జీలుగో చల్లి, వీలైనంత త్వరగా వాడేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ మట్టి మొత్తం గుట్టకు చాలదు. చదును నేల మీద పరుచుకున్న జానెడు మట్టి, అంతకంత ఏటవాలు ఉన్న గుట్టను ఎలా కప్పుతుంది?

మరి మనం తోలిపెడదామా? ఒక లెక్క చెబుతాను, పెన్నులు తియ్యండి. నూరు హెక్టార్ల గుట్ట అనుకోండి. ఓపెన్‌కాస్టుల్లో అది పెద్ద గుట్టేం కాదు. మీటరు మందాన కప్పాలంటే 10 లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి కావాలి. టిప్పరుకు పది క్యూబిక్ మీటర్లు వేసుకుంటే లక్ష టిప్పర్లు. ఆ మట్టి మన చేలల్లోంచి అడుగు లోతున తీశామనుకోండి, 800 ఎకరాల పైచిలుకు చెక్కేయాలి. ఒక గుట్ట కప్పడానికి 800 ఎకరాల వరి చేను! ఇటుక బట్టీలకు పైమట్టి అమ్ముకున్న చేను మళ్ళీ దిగుబడికి రావడానికి ఎంత కాలం పడుతుందో నేను మీకు చెప్పాలా? లారీ కిరాయి సంగతి నేను ఎత్తనే ఎత్తను.

సరే, మట్టి దొరికిందనే అనుకుందాం. డబ్బూ ఉందనుకుందాం. అప్పుడైనా మన ఒండ్రు అక్కడ నిలుస్తుందా? మన దగ్గర నేల పళ్ళెంలా చదును. సన్న ఇసుక, ఒండ్రు ఎంత ఉన్నా ఎక్కడికీ పోదు. గుట్టకు ఏటవాలు 28 డిగ్రీల లోపు ఉండాలని అనుమతుల్లో రాస్తారు. ఆ వాలు మీద నీటికి అన్నిటికన్నా తేలిగ్గా కొట్టుకుపోయేది ఒండ్రే. బంకకు పట్టు ఉంటుంది, ముతక ఇసుకకు బరువు ఉంటుంది, ఒండ్రుకు రెండూ లేవు. మొదటి జడివానకే దిగి వాగులోకి, వాగు నుంచి గోదావరిలోకి. మళ్ళీ మన దగ్గరికే వస్తుంది లెండి, కాకపోతే కాలువ పూడికగా వస్తుంది.

అయితే నల్లరేగడి వేద్దాం అంటారు. ఆయ్ అంటున్నారు కానీ మీరే చెప్పండి, ఏప్రిల్లో మన రేగడి చేను ఎలా ఉంటుంది? చెయ్యి దూరేంత బీటలు! ఆ బీటల్లోంచి గాలి, తొలకరికి నీళ్ళు, రెండూ తిన్నగా లోపలికి పోతాయి. కప్పు వేసింది దేనికి మరి?

అదిగో, అసలు ప్రశ్న అక్కడుంది. కప్పు వేసింది దేనికి? చాలామంది పచ్చగా కనబడటానికి అనుకుంటారు. కాదండి. గుట్టలో కలిసిపోయిన బొగ్గు తుక్కు, నల్ల షేలు గాలి తగిలితే లోలోపల వేడెక్కి తనంతట తనే అంటుకుంటుంది. కాబట్టి గాలి ఆపాలి. నీళ్ళు లోపలికి ఇంకితే ఉప్పులు, లోహాలు కడుక్కుని కింద ఊటగా బయటికొస్తాయి. గుట్ట లోపల నీరు నిలిస్తే గుట్టే కదులుతుంది. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్ అనే ఊళ్ళో, ఊట మీద పోసిన బొగ్గు తుక్కు కుప్ప జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. కాబట్టి నీళ్ళు ఆపాలి. ఈ రెండూ కావాలంటే మట్టి బిగుతుగా ఉండాలి. మరి మొక్క మొలవాలంటే? మట్టి గుల్లగా ఉండాలి. ఒక్క మట్టి రెండు పనులూ చెయ్యదు. చెయ్యమన్నా చెయ్యదు. అందుకే పొరలు. కింద బిగించిన బంక పొర, దాని పైన వేరు దిగే గుల్ల పొర. గుల్ల పొర తడిని పట్టి ఉంచితే కింద బంక బీటలు వారదు. పైన మొక్క లేచి ఆ తడి తాగేస్తే కిందికి దిగే నీళ్ళు తగ్గుతాయి. అదీ దాని ఏర్పాటు.

ఈ రెండు రకాల మట్టీ బయటి నుంచి తేనక్కర్లేదు. చాలావరకు ఆ ఓబీలోనే ఉంది. అందులో పనికొచ్చేది ఏదో పరీక్ష చేసి ముందే ఏరుకోవడమే పని. అమెరికాలో 1977 గనుల చట్టం కింద వచ్చిన నిబంధనలు ఈ దారి తెరిచాయి. పైమట్టి బదులు ఓబీలోంచి ఎంచిన మట్టి వాడుకోవచ్చు, కానీ అక్కడున్న పైమట్టికి సమానమో మెరుగో అని పరీక్షలతో నిరూపించాలి. వాడుకోవచ్చు అన్న సగం అందరికీ నచ్చుతుంది. నిరూపించాలి అన్న సగం దగ్గరే చెమటలు పడతాయి.

పరీక్ష అంటే మీలో చాలామందికి సాయిల్ హెల్త్ కార్డు గుర్తొస్తుంది. 2015 నుంచి ఇస్తున్నారు, 12 అంశాలు ఉంటాయి. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఈసీ అంటే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలు. చేనుకు అది చాలు. గని మట్టికి అదే కార్డు నమ్ముకుంటే మునుగుతాం. విద్యార్థులు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి.

ముందు జల్లెడ. ల్యాబులో మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. కింద పడినదాన్నే పరీక్షిస్తారు. చేను మట్టి దాదాపు అంతా కింద పడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఓబీలో సగానికి సగం రాళ్ళే ఉండొచ్చు. ఆ రాళ్ళు పారేసి, మిగిలిన గుప్పెడు మట్టి భేషుగ్గా ఉందని రిపోర్టు ఇస్తే ఏం లాభం? మొక్కకు దొరికేది ఆ గుప్పెడే కదా. జల్లెడ పైన మిగిలింది కూడా తూచి రాయాలి. ఆ రాళ్ళను తడిపి ఆరబెట్టి, మళ్ళీ తడిపి ఆరబెట్టి చూడాలి. కొన్ని షేళ్ళు నాలుగు వానలకే పొడై మట్టి అయిపోతాయి, కొన్ని మన మనవల కాలానికి కూడా రాళ్ళుగానే ఉంటాయి.

తర్వాత సేంద్రియ కర్బనం. మన కార్డులో 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అంటారు. నల్ల షేలు కలిసిన ఓబీని పంపండి, ఒకటి, రెండు, ఇంకా ఎక్కువే వస్తుంది. అబ్బో, మన చేను కంటే సారవంతం! కాదండి బాబూ, అది బొగ్గు పొడి. ల్యాబులో వేసే రసాయనం పేడలోంచి వచ్చిన కర్బనాన్నీ బొగ్గులోని కర్బనాన్నీ వేరుచేసి చూడలేదు. మొక్కకు ఆ బొగ్గుతో పని లేదు. పైగా నల్లగా ఉండి ఎండకు కాలిపోయి మొలకలను మాడ్చేస్తుంది. ఈ ఒక్క అంకె చూసి ఎరువు అక్కర్లేదని రాసిన కాగితాలు నేను చూశాను.

ఇక పీహెచ్. ఇది అన్నిటికన్నా మోసం. కొన్ని పొరల్లో పైరైట్ ఉంటుంది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, పసుపుపచ్చగా మెరుస్తుంది. భూమిలో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా ఉంటుంది. గాలి, నీళ్ళు తగిలితే గంధకామ్లం అవుతుంది. తాజాగా తీసిన మట్టి పీహెచ్ ఏడు ఉంటుంది. బ్రహ్మాండం అంటాం. ఏడాది పోయాక అదే మట్టి నాలుగు, మూడు. మరి ఇవాళ కొలిచిన పీహెచ్ దేనికి పనికొచ్చింది? అందుకే గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, ఏళ్ళ తరబడి జరిగేదాన్ని ఒక్క రోజులో జరిపించి అప్పుడు పీహెచ్ చూస్తారు. 4.5 కంటే కిందికి పోతే ఆ పొరను పైకి రానివ్వకూడదు. ఇంకో లెక్క కూడా ఉంది. పైరైట్ రూపంలో గంధకం ఒక్క శాతం ఉంటే, వెయ్యి టన్నుల మట్టికి 31 టన్నుల పైన సున్నపురాయి ఉండాలి ఆ ఆమ్లాన్ని విరగ్గొట్టడానికి. మట్టిలో సున్నం ఉందో లేదో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే తెలుస్తుంది, బుస్సుమని పొంగుతుంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా బొగ్గు, ఇందులో గంధకం సాధారణంగా తక్కువ. అస్సాం, మేఘాలయ బొగ్గులో ఎక్కువ, అక్కడ ఏళ్ళ తరబడి ఆమ్లం పారి చేపలు పోయిన నదులున్నాయి. మన ఎగువన మొక్కకు ఎక్కువగా అడ్డం పడేది ఆమ్లం కాదు. ఇసుకరాయి పొడిలో తడి నిలవకపోవడం, నత్రజని లేకపోవడం, డంపర్లు తొక్కి గట్టిపరచడం. అయినా పొర పొరకూ పరీక్ష ఎందుకు? ఆ తక్కువలో ఏ పొర ఎక్కువో తెలియదు కాబట్టి. బొగ్గు కోసం ముందే బోర్లు వేస్తారు, మట్టి రాళ్ళ నమూనాలు పెట్టెల్లో ఉంటాయి. బొగ్గు ముక్క మాత్రం ల్యాబుకు పంపి, మిగతాది షెడ్డులో పడేస్తే ఎలా? ఆ పెట్టెలోనే ఏ లోతు మట్టి పైకి రావాలో, ఏది గుట్ట కడుపులోకి పోవాలో రాసి ఉంది. చదివేవాళ్ళు కావాలి.

సరే, గ్లాసుల దగ్గరికి వద్దాం. ముందు వరుస పిల్లలు లేచి రండి. రెండు గ్లాసుల్లోనూ డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీలో పోసేది. ఈ బెడ్డ ముమ్మిడివరం వైపు వరి చేనుది. ఇది సముద్రం దాపున వదిలేసిన రొయ్యల చెరువు గట్టుది. రెండూ శనగగింజంత. వేశాను. కదపకండి, బల్ల మీద చేతులు తియ్యండి. చేను బెడ్డ చూడండి, బుడగలొచ్చి విచ్చుకుంటోంది, ముక్కలు ముక్కలుగా అడుగున కూర్చుంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. రెండోది? చుట్టూ పాల లాంటి పొగ. అడుగున చాపలా పరుచుకుంటోంది చూశారా? అది సాయంత్రం దాకా తేరదు. సోడియం ఎక్కువైన బంక, మన భాషలో చౌడు. పిసికి చూస్తే రెండూ ఒకలాగే జిగటగా ఉంటాయి. గుట్ట మీద కప్పడానికి బంక దొరికిందని ఇలాంటిది వేస్తే, వాన నీటికి కరిగి లోపల్లోపల సొరంగాలు పడతాయి, పైకి ఏమీ తెలియదు. ఒకరోజు కాలు దిగబడుతుంది. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. మీ చెరువు గట్టు మట్టికి కూడా చేసుకోండి, పనికొస్తుంది.

బిగించే పొర గురించి క్లుప్తంగా చెబుతాను, సివిల్ వాళ్ళకు ప్రాక్టర్ పరీక్ష తెలుసు, ఎంత తడిలో తొక్కితే మట్టి బాగా బిగుస్తుందో చూసేది. బంకను సరైన తడిలో తొక్కితేనే బిగుస్తుంది, ఎండగా ఉన్నా, బురదగా ఉన్నా బిగియదు. చెత్త డంపుల కింద వేసే బంక పొరలో నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు కంటే ఎక్కువ దిగకూడదంటారు. అంటే ఏడాదికి మూడు సెంటీమీటర్ల చిల్లర. పై పొరకు సరిగ్గా దీనికి ఎదురు. డంపర్లు దాని మీద తిరగకూడదు. కింద పొర తొక్కిన అలవాటులో పై పొర కూడా రోలరు పెట్టి నున్నగా చేస్తారు, ఫొటోకు బాగుంటుంది. ఇనప ఊచ చేత్తో గుచ్చితే దిగకపోతే అక్కడ వేరు కూడా దిగదు. గరుకుగా, గుంటలు గుంటలుగా వదిలెయ్యాలి. చూడ్డానికి పని సగంలో ఆపినట్టు ఉంటుంది, అదే సరైనది.

ప్రశ్నలు తీసుకుందాం. ఆ, చెప్పండి. ధవళేశ్వరం ఎగువన పేరుకున్న పూడిక తీసి పంపితే చేలు చెక్కే పని ఉండదు కదా అంటున్నారు. నిజమే, చేలకు నష్టం లేదు. కానీ ఇందాక చెప్పినట్టు అందులో ఉండేది ఇసుక, ఒండ్రు. ఇసుక అక్కడ కావలసినంత ఉంది. ఓబీని కడిగి ఇసుక తీసి, భూగర్భ గనుల్లో ఖాళీలు నింపడానికి వాడుతున్నారు కూడా. పూడిక మన మెరకలకు, గట్లకు వాడుకుందాం.

మరి ఇక్కడి నుంచి ఏదీ పనికిరాదా అంటున్నారు ఆ అమ్మాయి. పనికొస్తుందమ్మా. కొబ్బరి. పీచు వలలు, కాయిర్ జియోటెక్స్‌టైల్ అంటారు, ఏటవాలు మీద పరిస్తే గడ్డి వేళ్ళు పట్టేదాకా మట్టిని పట్టి ఉంచుతాయి, రెండు మూడేళ్ళలో కుళ్ళి మట్టిలో కలిసిపోతాయి. పీచు తీశాక మిగిలే పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. ఇసుకరాయి పొడికి లేనిది అదే కదా. రోడ్ల పక్కన కుప్పలుగా పడి, తగలబెడుతున్న సరుకు మనది. లక్ష టిప్పర్ల మట్టి కంటే అది మోయడం చాలా తేలిక. అయితే పచ్చి పొట్టు వేస్తే మట్టిలో ఉన్న కాస్త నత్రజని కూడా లాగేసుకుంటుంది, కాబట్టి పేడతోనో కోళ్ళ ఎరువుతోనో కలిపి మగ్గబెట్టి పంపాలి. కొబ్బరి డొక్కలు ఉప్పు కాలువలో నానేసి తీసిన పొట్టయితే ఈసీ తప్పకుండా చూడాలి. మీటరుకు ఒక డెసీసీమెన్స్ దాటితే మంచినీళ్ళతో కడిగి, పిండి, మళ్ళీ చూడండి. కడిగిన నీళ్ళు మాత్రం నారుమడిలోకి వదలకండి.